అమ్మకి పొత్తికడుపు మీద కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. మూత్రాశయం, పేగులు పాడవకుండా ఏం చేయాలి?

మీరు పెద్ద ఉత్తరమే రాశారు. ఇదే అవస్థలో ఉన్న మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా అందులోని సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను. మీ అమ్మగారికి 54 ఏళ్ళు, నందిగామ దగ్గర పల్లెటూరు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్, స్టేజ్ 2బి. ఆపరేషన్ కాకుండా విజయవాడలో 25 రోజులు కరెంటు, దాంతోపాటు వారానికోసారి కీమో, ఆ తర్వాత నాలుగుసార్లు లోపలి కరెంటు (గడ్డ దగ్గరికే గొట్టం పెట్టి ఇచ్చే రేడియేషన్) పెట్టాలన్నారు. ఆరు సిట్టింగులు అయ్యాయి. అందులో రెండుసార్లు టేబుల్ మీద పడుకోబెట్టి, ఫొటో తీసి, 'బ్లాడర్ నిండలేదు, నీళ్ళు తాగి రండి' అని దింపేశారు. అందరి ముందూ అమ్మ చిన్నబోయింది. ఈలోపు మీ పెద్దమ్మ వచ్చి, ఊళ్ళో ఎవరికో కరెంటు పెట్టాక మలంలో నెత్తురు పడిందనీ, పేగులు కాలిపోతాయనీ, లోపలి కరెంటుకి మాత్రం అస్సలు ఒప్పుకోవద్దనీ చెప్పారు. మంచి అవయవాలు పాడవకుండా ఆసుపత్రివాళ్ళు ఏం చేస్తారు, మేమేం చేయాలి, లోపలి కరెంటు మానేయొచ్చా, ఐఎంఆర్‌టీ అనే కొత్త పద్ధతి కరెంటు కోసం అప్పు చేయాలా అన్నవి మీ ప్రశ్నలు.

నేను డాక్టర్ని కాను, మెడికల్ ఫిజిసిస్టుని. గుంటూరు, విజయవాడ కలిపి ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ కిరణం ఏ దిక్కునుంచి ఎంత వెళ్ళాలో లెక్క వేయడం నా పని. మందుల సంగతి మీ డాక్టరు గారే చెప్పాలి. అవయవాలను కాపాడే పని మాత్రం నాకు బాగా తెలుసు. అందులో సగం మా ప్లానింగ్ గదిలో జరుగుతుంది. మిగతా సగం బయట బెంచీ మీద, మీ అమ్మగారి చేతిలో ఉన్న నీళ్ళ సీసాతో జరుగుతుంది. ఆ రెండో సగం గురించి పేషెంట్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

వన్‌టౌన్ సందుల్లో ఇళ్ళు చూశారు కదా, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఆడవాళ్ళ పొత్తికడుపు కూడా అంతే. గర్భసంచి ముఖద్వారానికి ముందువైపు మూత్రాశయం, వెనకవైపు మలాశయం. మధ్యలో ఖాళీ మిల్లీమీటర్లలోనే ఉంటుంది. పైనుంచి చిన్నపేగులు వేలాడుతూ ఉంటాయి, ఎక్కడ చోటు దొరికితే అక్కడికి జారతాయి. గడ్డ ఒక ఇంట్లో ఉంటే పక్కిళ్ళకి నిప్పు అంటకుండా దాన్ని కాల్చాలి. మా కష్టమంతా అక్కడే.

మూత్రాశయం నిండుగా ఉంటే రెండు మేళ్ళు. ఒకటి, అది బుడగలా పైకి లేచి, కిందికి జారిన చిన్నపేగుల్ని పైకి నెట్టేస్తుంది. కిరణాలు వెళ్ళే దారిలోంచి పేగులు తప్పుకుంటాయి. రెండోది, మూత్రాశయం సాగి పెద్దదైతే దాని పైభాగం కూడా ఆ దారికి దూరమవుతుంది. మూత్రాశయం మొత్తానికి తగలాల్సింది దాని కింది భాగానికే తగులుతుంది. ఖాళీగా ఉంటే మొత్తం ముడుచుకుని కిరణాల మధ్యలోకి వచ్చేస్తుంది, దాని మీదికి పేగులు దిగుతాయి.

ఇంకో సంగతి ఇంతకన్నా ముఖ్యం. కరెంటు మొదలుపెట్టే ముందు ఒక రోజు సీటీ స్కాన్ తీసి, ఒంటి మీద ఇంకు గీతలు పెట్టారు కదా, నా లెక్కంతా ఆ ఒక్క రోజు ఫొటో మీదే ఉంటుంది. ఆ రోజు మూత్రాశయంలో 300 మిల్లీలీటర్లు ఉంటే, మిగతా 25 రోజులూ దాదాపు అంతే ఉండాలి. ఇవాళ 80 మిల్లీలీటర్లే ఉంటే గర్భసంచి పైకొన రెండు మూడు సెంటీమీటర్లు పక్కకి ఒరిగిపోవచ్చు. అప్పుడు పేగులకి ఎక్కువ తగలడం ఒక నష్టం, గడ్డకి తగలాల్సినంత తగలకపోవడం ఇంకో నష్టం. కాబట్టి అమ్మని టేబుల్ మీదనుంచి దింపిన ఆ టెక్నీషియన్ ఆమె మేలే చూశాడు. ఫొటో తీసి, తేడా చూసి, ఆ రోజు రద్దీని కూడా పక్కనపెట్టి ఆపాడంటే అది మంచి సెంటర్. అమ్మకి ఈ మాట చెప్పండి. ఆమె తప్పేం లేదని కూడా చెప్పండి.

నేను ఈ పనిలో కొత్తగా చేరిన రోజుల్లో జరిగింది ఒకటి చెప్తాను. ఆ సెంటర్లో అప్పుడు రోజూ ఫొటో తీసే మిషన్ లేదు, గీతలు చూసి పెట్టేయడమే. పల్నాడు వైపునుంచి ఒకామె వచ్చేది. మూడో వారానికి ఆమెకి విరేచనాలు మామూలుకన్నా బాగా ఎక్కువయ్యాయి. అనుమానం వచ్చి మళ్ళీ స్కాన్ తీశాం. మొదటి స్కాన్‌లో మూత్రాశయం ఉన్న చోట ఇప్పుడు ఒక చిన్నపేగు చుట్ట కూర్చుని ఉంది. మూత్రాశయం నిమ్మకాయంత అయిపోయింది. 'నీళ్ళు తాగి రావడం లేదా అమ్మా?' అని అడిగితే, 'ఆ నీళ్ళు స్కానింగుకే కదమ్మా' అంది. కాసేపటికి అసలు సంగతి కూడా చెప్పింది. బస్సులో మూడు గంటలు, దారిలో ఎక్కడా ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటు లేదు, అందుకని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా వచ్చేది. ప్లాన్ మార్చాం, ఆమె కోలుకుంది. కానీ ఆ రెండు వారాల డోసు వెనక్కి తీసుకోలేం. ఆమెని అడగాల్సిన ఒక్క ప్రశ్న మేం మొదటి రోజు అడగలేదు. అప్పట్నుంచీ నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ 'ఏ ఊరినుంచి, ఎలా వస్తారు, దారిలో బాత్రూమ్ ఉందా?' అని అడుగుతాను.

మీ అమ్మగారిదీ అదే కథ అని నా అనుమానం. బస్సులో ఇబ్బంది అవుతుందని నీళ్ళు మానేసి ఎండలో వస్తారు. ఆసుపత్రిలో ఒకేసారి అరలీటరు తాగిస్తారు. ఎండిన ఒళ్ళు ఆ నీళ్ళని ముందు తనే పీల్చుకుంటుంది, మూత్రాశయానికి రానివ్వదు. ముప్పావుగంట తర్వాత చూస్తే పావువంతు కూడా నిండదు. మే నెలలో మన దగ్గర ఇది ప్రతిరోజూ చూసేదే. అందుకే నీళ్ళు ముందురోజు నుంచే తాగాలి. పగలంతా కొంచెం కొంచెంగా రెండు, రెండున్నర లీటర్లు ఒంట్లోకి వెళ్ళాలి (గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగాకే). పొద్దున ఇంటి దగ్గర ఒక గ్లాసు. ఆసుపత్రికి చేరాక బాత్రూమ్‌కి వెళ్ళి పూర్తిగా ఖాళీ చేసుకోవాలి. ఆ తర్వాత, స్కాన్ రోజు ఎంత తాగించారో సరిగ్గా అంతే పది నిమిషాల్లో తాగి, ఆ రోజు ఎంతసేపు ఆగారో అంతసేపు ఆగాలి. ఒక్కో సెంటర్లో ఒక్కో లెక్క ఉంటుంది, కొన్నిచోట్ల 300 మిల్లీలీటర్లు, కొన్నిచోట్ల అరలీటరు, ఆగడం అరగంటనుంచి గంట దాకా. మీ సెంటర్ ఏం చెబితే అదే పాటించండి, పక్క ఆసుపత్రి లెక్క వద్దు. ఒకే సీసా వాడండి, దాని మీద గీత పెట్టండి. ఎక్కువ నిండితే ఇంకా మంచిదని లీటరు తాగేవాళ్ళు ఉన్నారు, అది కూడా తప్పే. తాగే ముందు కాఫీ, టీ, సోడా వద్దు.

కీమో రోజు లెక్క తారుమారవుతుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చేటప్పుడు కిడ్నీల కోసం సెలైన్ బాగా ఎక్కిస్తారు, మూత్రం వచ్చే మందు కూడా ఇస్తారు. ఆ రోజు ఇరవై నిమిషాల్లోనే పొంగిపోతుంది. అందుకని కరెంటు కీమోకి ముందా తర్వాతా అని ముందే అడిగి, టెక్నీషియన్‌కి 'ఇవాళ సెలైన్ ఎక్కింది' అని చెప్పండి. కాన్పులు ఎక్కువైనవాళ్ళకి తుమ్మినా దగ్గినా మూత్రం జారుతుంది. సిగ్గుపడి చెప్పరు, టేబుల్ మీద బిగపట్టుకుని వణుకుతుంటారు. అలా ఉంటే చెప్పేయండి. ఆమె రోజూ హాయిగా ఆపుకోగలిగినంతే నింపి, దాని మీదే ప్లాన్ వేస్తాం. ఒక రోజు నిండుగా, ఇంకో రోజు ఖాళీగా ఉండేకన్నా రోజూ సగం నిండి ఉండటం మాకు మేలు.

వెనకవైపు మలాశయం సంగతి దీనికి ఎదురు. అది ఖాళీగా ఉండాలి. గ్యాస్‌తో ఉబ్బితే గర్భసంచి ముఖద్వారాన్ని ముందుకి నెట్టేస్తుంది, పైగా మలాశయం గోడ కిరణాల మధ్యలోకి వస్తుంది. రోజూ విరేచనం అయ్యాకే రావాలి. కీమో రోజు వాంతులకి ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ మాత్ర కొందరికి మలబద్ధకం తెస్తుంది. రెండు రోజులు కాకపోతే మొహమాటపడకుండా చెప్పి సిరప్ అడగండి. ఈ ఐదారు వారాలూ ఉలవచారు, శనగలు, క్యాబేజీ, పచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టేయండి. పెసరకట్టు, బీరకాయ, సొరకాయ, అరటికాయ, గుడ్డు, మెత్తటి అన్నం, పల్చటి మజ్జిగ బాగా సరిపోతాయి. రెండో వారం చివరనుంచో మూడో వారంనుంచో విరేచనాలు మొదలవడం మామూలే. అప్పుడు పాలు కొందరికి పడవు, మజ్జిగ పడుతుంది. ఓఆర్‌ఎస్ ఇంట్లో ఉంచండి. రోజుకి నాలుగైదు దాటితే డాక్టరు గారికి చెప్పి మాత్ర తీసుకోండి, అదే తగ్గుతుందిలే అని ఊరుకోవద్దు. కారం, ఆవకాయ, గోంగూర పచ్చడి గురించి మన గుంటూరు, కృష్ణా వాళ్ళకి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కరెంటు అయ్యాక పేగులు కుదుటపడితే మెల్లగా మళ్ళీ తినొచ్చు, ఇప్పుడు మాత్రం వద్దు. అలాగని పత్యం పేరుతో తిండి తగ్గించకండి. బరువు బాగా తగ్గితే ఒంటి కొలతలు మారి ప్లాన్ మళ్ళీ వేయాల్సి వస్తుంది.

ఒంటి మీద గీతలు చెరగకూడదు. నలుగుపిండితో రుద్దుకోవడం, నూనె రాసుకోవడం, ఆ భాగానికి పసుపు పూయడం, వేడినీళ్ళ సంచి పెట్టుకోవడం మానేయాలి. చెరిగితే ఇంట్లో పెన్నుతో మళ్ళీ దిద్దకండి. వచ్చి చెప్పండి, మేం పెడతాం.

ఐఎంఆర్‌టీ గురించి అడిగారు. పాత పద్ధతిలో నాలుగు దిక్కులనుంచి నాలుగు కిరణాలు వేస్తాం. మధ్యలో ఒక పెట్టెలాగా డోసు పడుతుంది, ఆ పెట్టెలో గడ్డ ఉన్నా పేగు ఉన్నా ఒకేలా తగులుతుంది. ఐఎంఆర్‌టీలో కిరణాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, గడ్డ ఆకారాన్ని బట్టి వంపు తిప్పుతాం, పేగులున్న వంపులో డోసు పల్చబడుతుంది. దీనివల్ల నిజంగా లాభం ఉందా అన్నది ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళు మన ఆడవాళ్ళ మీదే పరీక్షించి చూశారు. 300 మందితో చేసిన ఆ పరిశోధన 2021లో అచ్చయింది. మూడేళ్ళు గడిచేసరికి మందు వాడాల్సినంత లేదా అంతకన్నా ఎక్కువ పేగుల సమస్య పాత పద్ధతిలో నూటికి 42 మందికి వస్తే, రోజూ ఫొటో తీసి ఐఎంఆర్‌టీ ఇచ్చినవాళ్ళలో 21 మందికి వచ్చింది. జబ్బు అదుపులో మాత్రం రెండింటికీ తేడా లేదు. వీళ్ళంతా గర్భసంచి తీసేశాక కరెంటు పెట్టించుకున్నవాళ్ళు. మీ అమ్మగారికి గర్భసంచి ఉంది, అది రోజూ కదులుతుంది, కాబట్టి ఆ అంకెలు ఆమెకి అచ్చంగా అతకవు. పేగులకి మేలు జరుగుతుందన్న దిశ మాత్రం అదే.

అందుకే ఐఎంఆర్‌టీ పెడతారా అని అడిగే ముందు 'రోజూ ఫొటో తీసి చూస్తారా?' అని అడగండి. కుట్టిన జాకెట్టు ఎంత బిగుతుగా ఉంటే ఒళ్ళు కాస్త మారినా అంత ఇబ్బంది. ఐఎంఆర్‌టీ కూడా అంతే. రోజూ చూసుకోకుండా బిగుతు ప్లాన్ పెడితే పేగుల సంగతి అలా ఉంచి గడ్డే తప్పిపోవచ్చు. మీ సెంటర్లో ఫొటో తీస్తున్నారు, ఆపుతున్నారు, అది నాకు నచ్చింది. ఎన్టీఆర్ వైద్య సేవలో, అదే పాత ఆరోగ్యశ్రీలో, రేడియేషన్‌కి ప్యాకేజీలు ఉన్నాయి. మీకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని పథకం కౌంటర్ దగ్గర ఇవాళే అడగండి. ఐఎంఆర్‌టీ దొరకలేదని వైద్యం ఆపి, పొలం తాకట్టు పెట్టి ఇంకో ఊరికి పరిగెత్తడం మాత్రం నేను ఒప్పుకోను. పాత నాలుగు కిరణాల పద్ధతితోనే దశాబ్దాలుగా ఎంతోమంది బతికి బయటపడ్డారు. బయటి కరెంటు, లోపలి కరెంటు కలిపి మొత్తం 8 వారాల్లో, అంటే 56 రోజుల్లో ముగియాలి. అది దాటిన ప్రతి రోజూ గడ్డకే లాభం. శ్రావణమాసమనీ పెళ్ళిళ్ళనీ వారం మానేసినవాళ్ళని చూసినప్పుడు నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

ఇక లోపలి కరెంటు. మీ పెద్దమ్మగారు భయపడేది దేనికైతే, పక్క అవయవాలను కాపాడేది అదే.

బయటి మిషన్ ఎంత గొప్పదైనా కిరణం చర్మం దాటి, మూత్రాశయమో పేగులో దాటి గడ్డ దగ్గరికి చేరాలి. లోపలి కరెంటులో ఇరిడియం-192 అనే చిన్న గింజని గడ్డ మధ్యలోకే పంపుతాం. బియ్యపు గింజకన్నా సన్నంగా ఉంటుంది, తీగ చివర అంటించి ఉంటుంది. దాని గుణం ఒక్కటే గుర్తుపెట్టుకోండి: దూరం రెండింతలైతే డోసు నాలుగోవంతుకి పడిపోతుంది. సెంటీమీటరు దూరంలో నాలుగు రూపాయలు తగిలితే రెండు సెంటీమీటర్ల దూరంలో రూపాయే. అందుకే ఆనుకుని ఉన్న గడ్డకి గట్టిగా తగులుతుంది, కాస్త అవతలున్న మలాశయానికి తగ్గిపోతుంది.

అంకెల్లో చెప్పాలంటే, రేడియేషన్‌ని గ్రే అనే కొలతలో లెక్కిస్తాం. బయటి కరెంటు 25 రోజుల్లో సాధారణంగా 45 గ్రే. ఈ గడ్డ పూర్తిగా చావాలంటే బయటా లోపలా కలిపి 85 గ్రే, ఆ పైన కావాలి. పేగులు, మలాశయం మొత్తం అంత డోసు తట్టుకోలేవు, అందుకే బయటినుంచి అంత ఇవ్వలేం. లోపలి కరెంటుతో గడ్డకి 85 ఇస్తూనే, మలాశయంలో అన్నిటికన్నా ఎక్కువ తగిలే రెండు మిల్లీలీటర్ల ముక్కకి, అంటే చిన్న సిరంజిలో పట్టేంత భాగానికి, 65 దాటకుండా చూస్తాం. ఎంత కాదన్నా 75 దాటనివ్వం. మూత్రాశయంలో అలాంటి ముక్కకి 80 లోపు ఉంచాలని చూస్తాం, హద్దు 90. ఇలా స్కాన్ చూసి లోపలి కరెంటు ఇచ్చిన 1,300 మందికి పైగా ఆడవాళ్ళని ఎంబ్రేస్ అనే అంతర్జాతీయ పరిశోధనలో ఏళ్ళ తరబడి గమనించారు, మన దేశం నుంచి కూడా అందులో ఉన్నారు. ఐదేళ్ళకి నూటికి 92 మందిలో ఆ చోట జబ్బు అదుపులోనే ఉంది. లోపలి కరెంటు మానేసి, బదులుగా బయటినుంచే ఇంకొన్ని సిట్టింగులు పెట్టించుకున్నవాళ్ళలో బతికే అవకాశం తగ్గిందని పెద్ద పెద్ద రికార్డులు చూసి తేల్చారు. కాబట్టి మానేయొద్దు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఆ రోజు ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చెప్తాను, తెలిస్తే అమ్మకి టెన్షన్ తగ్గుతుంది. వెన్నుకి మత్తు ఇస్తారు, లేదా నొప్పి తెలియకుండా వేరే మత్తు. మూత్రానికి గొట్టం పెడతారు. ఆ గొట్టంతో ఆ రోజు మూత్రాశయంలో ఎంత ఉండాలో వాళ్ళే చూసుకుంటారు, కాబట్టి నీళ్ళ సీసా లెక్క ఆ రోజుకి వర్తించదు. ముందురాత్రి పేగులు ఖాళీ చేసే మందు ఇస్తారు. తర్వాత సన్నటి గొట్టం ఒకటి గర్భసంచిలోకి, దానికి రెండు పక్కలా బొటనవేలి కొనంత గుండ్రటివి ముఖద్వారం దగ్గర అమరుస్తారు. అప్పుడు అసలు పనితనం మొదలవుతుంది. డాక్టరు గారు తడిపిన గాజుగుడ్డ పట్టీని మడత మీద మడత పెడుతూ, ఆ గొట్టానికీ మలాశయానికీ మధ్య, ముందువైపు మూత్రాశయానికీ మధ్య కూరతారు. చూడటానికి మామూలు గుడ్డే. కానీ ఒక్కో మడత మలాశయం గోడని ఒక్కో మిల్లీమీటరు దూరం జరుపుతుంది. ఇందాకటి నాలుగోవంతు లెక్క గుర్తుందా? అంత దగ్గర్లో మిల్లీమీటర్లకి చాలా విలువ. ఓపికగా పట్టీ పెట్టే డాక్టరు చేతిని నేను ఏ కంప్యూటర్‌కన్నా ఎక్కువ నమ్ముతాను.

తర్వాత స్కాన్ తీసి నా దగ్గరికి పంపుతారు. మూత్రాశయం, మలాశయం, పెద్దపేగు చివరి వంపు, గడ్డ అన్నీ విడివిడిగా గీసి, ఆ గింజ ఏ చోట ఎన్ని సెకన్లు ఆగాలో లెక్క వేస్తాను. ఒక సిట్టింగులో పెద్దపేగు వంపు ఒకటి గొట్టం కొనకి బాగా దగ్గరగా వచ్చి పడుకుని ఉంటుంది. అప్పుడు ఆ కొన దగ్గర గింజ ఆగే సెకన్లు తగ్గించి, కింద పెంచుతాను. వచ్చేవారం ఆ వంపు వేరే చోట ఉంటుంది. అందుకే ప్రతిసారీ కొత్తగా స్కాన్, కొత్తగా లెక్క. ఇది పూర్తయ్యేదాకా గంటో రెండు గంటలో అమ్మ కాళ్ళు చాపి కదలకుండా పడుకోవాలి, తనంతట తాను లేవకూడదు, పక్కకి తిరగకూడదు. కదిలితే గొట్టం జరిగి లెక్క చెడిపోతుంది. కరెంటు మాత్రం కొన్ని నిమిషాలే. గింజ మళ్ళీ మిషన్‌లోకి వెళ్ళిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. ఆమె పక్కన మనవడు పడుకున్నా ఏమీ కాదు. ఒక మాట గట్టిగా చెప్తున్నాను: నొప్పి ఓర్చుకోవాల్సిన పని లేదు. గొట్టం పెట్టేటప్పుడైనా తీసేటప్పుడైనా నొప్పి ఉంటే మందు అడగండి. మొదటిసారి నొప్పితో భయపడి రెండోసారి రానివాళ్ళని నేను చూశాను. అది వాళ్ళ తప్పు కాదు, మాది.

మీ పెద్దమ్మగారు చెప్పిన మలంలో నెత్తురు అబద్ధం కాదు. ఆరు నెలలకో రెండేళ్ళకో కొందరికి మలాశయం లోపలి పొరలో సన్నటి రక్తనాళాలు పెళుసుబారి కొంచెం కొంచెం నెత్తురు పడుతుంది. చాలామందికి మందులతో, ఎనిమాలతో తగ్గుతుంది, తగ్గకపోతే ఎండోస్కోపీలో ఆర్గాన్ అనే వాయువు సాయంతో ఆ నాళాలను మూసేస్తారు. ఇక్కడొక జాగ్రత్త ఉంది, దయచేసి రాసిపెట్టుకోండి. రేపెప్పుడైనా అలా జరిగి గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్తే, ముందుగా 'పొత్తికడుపుకి కరెంటు పెట్టారు' అని చెప్పి కాగితాలు చూపించండి. తెలియక మలాశయం ముందుగోడ నుంచి ముక్క తీస్తే ఆ పుండు మానక, యోనికీ మలాశయానికీ మధ్య రంధ్రం పడే ప్రమాదం ఉంది. ఎన్ని గ్రే ఇచ్చారో రాసి ఉండే ట్రీట్‌మెంట్ సమ్మరీ కాగితం అడిగి తీసుకుని ఆధార్ కార్డులా దాచండి. షుగర్ ఉన్నా, చుట్ట, పొగాకు అలవాటున్నా ఈ సమస్యలు ఎక్కువవుతాయి. అమ్మకి అలవాటుంటే మానిపించండి.

కిడ్నీల గురించి రెండు మాటలు. సిస్‌ప్లాటిన్ వాటికి భారం, అందుకే ప్రతి కీమోకి ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూస్తారు. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు ఈ రోజుల్లో వేసుకోవద్దు, కిడ్నీల మీద రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి. నడుము ఎముకల్లోని మజ్జ మీద కూడా కిరణాలు పడతాయి కాబట్టి వారం వారం రక్తపరీక్ష చేస్తారు. అది తప్పించకండి.

చెప్పడానికి ఇబ్బందిపడి అందరూ వదిలేసేది ఒకటుంది. కరెంటు తర్వాత యోని మెల్లగా ఇరుకై, గోడలు అతుక్కుపోవచ్చు. వైద్యం అయిన కొన్ని వారాలకి, లోపల మానాక, డైలేటర్ అనే నున్నటి సాధనాన్ని జెల్లీ రాసి వారంలో కొన్నిసార్లు వాడమని నర్సో డాక్టరో నేర్పిస్తారు. వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి. ఇది దాంపత్యం కోసమే అనుకుని, భర్త లేనివాళ్ళు మాకెందుకని వదిలేస్తారు. తర్వాత ఏళ్ళపాటు చెకప్‌కి లోపల పరీక్ష చేయాలి, ఇరుకైపోతే డాక్టరు చూడలేరు, జబ్బు తిరిగొచ్చినా తెలియదు. నలభై లోపు వయసున్న ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఇంకో మాట: అండాశయాలకి కొద్దిపాటి డోసే చాలు పనిచేయడం ఆగిపోవడానికి. కొందరికి వాటిని ముందే చిన్న ఆపరేషన్‌తో పైకి జరిపి పెట్టొచ్చు. అది కరెంటు మొదలవకముందే అడగాలి, మొదలయ్యాక లాభం లేదు.

సోమవారం అమ్మ స్లాట్ పదకొండింటికి అని రాశారు. ఆదివారం పగలంతా నీళ్ళు, మజ్జిగ తాగించండి. సోమవారం పొద్దున ఇంట్లో విరేచనం అయ్యాక ఒక గ్లాసు నీళ్ళు. బస్సులో గొంతు తడుపుకోవడానికి కొంచెం కొంచెం తాగమనండి, దిగాక బస్టాండులోనే బాత్రూమ్‌కి తీసుకెళ్ళండి, అప్పుడు ఆమెకి ఆ భయం ఉండదు. పదింటికల్లా ఆసుపత్రిలో ఉండి మళ్ళీ ఒకసారి ఖాళీ చేసుకోమనండి. పదీ పదికి గీత పెట్టిన సీసా చేతికివ్వండి. ఎన్నింటికి తాగడం అయిందో ఒక చీటీ మీద రాసి టెక్నీషియన్‌కి ఇవ్వండి. స్లాట్ ఆలస్యమవుతుందని తెలిస్తే సీసా అప్పుడే తెరవకుండా, 'ఎన్నింటికి తాగమంటారు?' అని లోపలికి వెళ్ళి అడగండి. ఈసారి కూడా నిండకపోతే ఎన్ని మిల్లీలీటర్లు కనిపించిందో అడిగి ఇక్కడ రాయండి, తాగే టైమ్ ఎంత ముందుకి జరపాలో చూద్దాం.